భాగపత్రంలో దాగిన కులం

కుల సమస్యపై మన విశ్వవిద్యాలయాల్లో జరిగే చర్చ దాదాపు ఎప్పుడూ రాజ్యాంగంతో మొదలై రాజ్యాంగంతోనే ముగుస్తుంది. 15, 16, 17వ అధికరణలు, రిజర్వేషన్లు, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన వర్గీకరణ తీర్పు... ఇవన్నీ పౌరుడికీ రాజ్యానికీ మధ్య వ్యవహారాలు. న్యాయశాస్త్రం చదివే దళిత, వెనుకబడిన కులాల విద్యార్థి పరిశోధనకు పూనుకుంటే సహజంగా ఎంచుకునేది కూడా ఈ రంగాన్నే. ఆ ఎంపికను తప్పుపట్టలేం. అయితే మరో అర్ధభాగం ఖాళీగా మిగిలిపోతోంది. ఆస్తి, వివాహం, దత్తత, వారసత్వం, ఒప్పందం వంటి మనిషికీ మనిషికీ నడుమ నడిచే వ్యవహారాల న్యాయాన్ని ప్రైవేటు న్యాయం అంటారు. ఒక దేశపు ప్రైవేటు న్యాయాన్ని ఇతర దేశాల, ఇతర కాలాల న్యాయంతో పోల్చి చూసే శాస్త్రం తులనాత్మక ప్రైవేటు న్యాయశాస్త్రం. ఈ పేరు వినగానే అది హాంబర్గ్‌లోనో పారిస్‌లోనో పుస్తకాల మధ్య బతికే పండితుల వ్యాపకం అనిపిస్తుంది. కులానికి అసలు నివాసం ఈ న్యాయంలోనే ఉన్నదన్న సంగతి మనం మరిచిపోయాం.

స్వాతంత్ర్యానికి ముందు ఆస్తి తగాదాలో కోర్టు ముందుగా తేల్చవలసిన ప్రశ్నల్లో ఒకటి కక్షిదారు ద్విజుడా, శూద్రుడా అన్నది. శూద్రుడి దాసీపుత్రుడికి తండ్రి ఆస్తిలో భాగం ఉండేది; ద్విజుడి దాసీపుత్రుడికి పోషణ తప్ప మరేమీ దక్కేది కాదు. కనుక ఎకరం భూమి ఎవరిదో చెప్పాలంటే ఆ కుటుంబం ఏ వర్ణానిదో న్యాయమూర్తి తీర్పు చెప్పవలసి వచ్చేది. కులాంతర వివాహాల చెల్లుబాటుపై సందేహాలను తొలగించడానికి 1949లో ప్రత్యేకంగా హిందూ వివాహాల చెల్లుబాటు చట్టం చేయవలసి వచ్చింది. అంటే రాజ్యాంగ సభ అంటరానితనాన్ని రద్దు చేయడానికి సిద్ధమవుతున్న రోజుల్లోనే, వేర్వేరు కులాల దంపతులకు పుట్టిన బిడ్డ వారసుడా కాదా అన్నది ఇంకా చట్టపరమైన ప్రశ్నగానే ఉంది.

ఈ న్యాయం ఎక్కడి నుంచి వచ్చింది? గోరంట్ల మండలంలో ఒక రైతు కుటుంబం పంపకాలకు కూర్చుంటే, పిత్రార్జితంపై కొడుకుకు పుట్టుకతోనే హక్కు ఉంటుందని పెద్దమనుషులు మారుమాట లేకుండా ఒప్పుకుంటారు. ఆ సూత్రాన్ని మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు స్థిరపరిచాడు. ఆయన నేటి బీదర్ జిల్లా బసవకల్యాణంలో, చాళుక్య విక్రమాదిత్యుడి కాలంలో, యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య రాసినవాడు. 13వ శతాబ్దంలో దాన్ని కేతన ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. (సంస్కృతం రానివారికి హిందూ న్యాయం ఎందుకని పెదవి విరిచేవారు నేటికీ ఉన్నారు. ఏడు శతాబ్దాల కిందటే ఆ న్యాయం తెలుగులో దొరికేదని వారికి గుర్తుచేయాలి.) తొమ్మిది శతాబ్దాల కిందటి ఒక వ్యాఖ్యాన గ్రంథం, ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే ఈ పీఠభూమిలో నేటికీ గట్లను నిర్ణయిస్తోంది. చిత్రావతిలో నీళ్లు పారే రోజులకన్నా ఆ గ్రంథం పారే రోజులే ఎక్కువ.

ఈ గ్రంథాలనూ ఈ గట్లనూ కలిపి చదవడమే వృత్తిగా పెట్టుకున్నవారు కొద్దిమంది ఉన్నారు. లండన్‌లో ప్రాచ్య న్యాయాల ఆచార్యుడిగా పనిచేసిన డంకన్ డెరెట్ పేరు న్యాయ విద్యార్థులకు తెలుసు. 1963లో వచ్చిన ఆయన ఆధునిక హిందూ న్యాయ గ్రంథం దశాబ్దాలపాటు కోర్టుల్లో నలిగింది. మన విద్యార్థులకు అంతగా తెలియని పేరు ఆచార్య బి. శివరామయ్యది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం బోధించిన ఆయన 1973లో భారతదేశంలో స్త్రీల వారసత్వ హక్కులపై తులనాత్మక అధ్యయన గ్రంథం వెలువరించారు. 1984లో అసమానతలకూ చట్టానికీ ఉన్న సంబంధంపై మరో పుస్తకం, 1999లో వైవాహిక ఆస్తి చట్టంపై ఇంకొకటి రాశారు. ఈ మూడు శీర్షికలను వరుసగా పెట్టి చూస్తే ఒక విద్యాజీవితం దిశ తెలుస్తుంది. అసమానత ఎక్కడ పుడుతుందో వెతుక్కుంటూ ఆయన మళ్లీ మళ్లీ ఇంటి లోపలికే వెళ్లారు.

అన్నిటికంటే మన రాష్ట్రానికి దగ్గరగా తాకేది 1988లో ఇండియన్ లా ఇన్‌స్టిట్యూట్ పత్రికలో ఆయన రాసిన వ్యాసం. ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి అవివాహిత కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుక హక్కు కల్పించింది. దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం మనది. దాన్ని పొగడని ప్రగతివాది లేడు. శివరామయ్య మాత్రం ఈ సవరణను తప్పు దిశలో పడిన అడుగని వ్యాసం శీర్షికలోనే అన్నారు. స్త్రీల హక్కుల కోసం జీవితమంతా రాసిన మనిషి ఆ మాట ఎందుకన్నారు?

లెక్క వేసి చూడాలి. తండ్రి, తల్లి, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్న ఇల్లు. 18 ఎకరాల పిత్రార్జిత మెట్ట భూమి. వీలునామా లేకుండా తండ్రి మరణించాడు. సవరణకు ముందు, తండ్రీ కొడుకులు చెరి 9 ఎకరాలు పంచుకున్నట్టు చట్టం ఊహిస్తుంది. తండ్రి 9 ఎకరాలు తల్లికి, కొడుక్కి, కూతురికి తలా 3 వస్తాయి. మొత్తం మీద కొడుక్కి 12, కూతురికి 3, తల్లికి 3. సవరణ తరువాత తండ్రి, కొడుకు, కూతురు తలా 6 ఎకరాల భాగస్వాములు. తండ్రి 6 ఎకరాలు ముగ్గురికీ తలా 2 వస్తాయి. కొడుక్కి 8, కూతురికి 8, తల్లికి 2. కూతురికి న్యాయం జరిగింది, సందేహం లేదు. ఆ న్యాయానికి మూల్యంలో కొంత వితంతువైన తల్లి చెల్లించింది. ఆమె 3 ఎకరాలు 2 అయ్యాయి. ఉమ్మడి కుటుంబ హక్కు అనే పాత యంత్రాన్ని అలాగే ఉంచి, దానిలోకి ఆడపిల్లను కూడా ఎక్కించినందువల్ల వచ్చిన ఫలితం ఇది. కోడలిగా వచ్చినవారెవరికీ ఆ యంత్రంలో చోటు లేదు.

కేరళ 1975లో వేరే దారి తీసుకుంది. ఉమ్మడి కుటుంబ వ్యవస్థను రద్దుచేసి పుట్టుక హక్కును తీసివేసింది. ఆ తరువాత ఏర్పడిన కుటుంబంలో పై 18 ఎకరాలు తండ్రి ఒక్కడివే. ఆయన తరువాత తల్లికి 6, కొడుక్కి 6, కూతురికి 6. రెండు రాష్ట్రాలు, రెండు చట్టాలు, ఒకే కుటుంబం. తులనాత్మక పద్ధతి అంటే ఇంతకుమించిన మాయ ఏమీ లేదు. లా కమిషన్ 2000లో 174వ నివేదిక రాసినప్పుడు ఈ రెండు నమూనాలనూ పక్కపక్కన పెట్టి చర్చించక తప్పలేదు. 2005లో పార్లమెంటు చివరికి ఆంధ్ర దారినే ఎంచుకుంది; అవివాహిత అన్న షరతు తీసేసింది. తల్లి లెక్క మాత్రం మారలేదు.

పుట్టుక హక్కును తీసివేయాలన్న ఆలోచన కేరళలో పుట్టలేదు. బి.ఎన్. రావు కమిటీ ముసాయిదా నుంచి అంబేడ్కర్ ముందుకు తీసుకెళ్లిన హిందూ కోడ్ బిల్లులోనే అది ఉంది. మితాక్షరను పక్కనపెట్టి, బెంగాల్‌లో నడిచే దాయభాగాన్ని పునాదిగా తీసుకోవాలని ఆ బిల్లు ప్రతిపాదించింది. దేశంలోని న్యాయ సంప్రదాయాలను పోల్చి, వాటిలో సమానత్వానికి దగ్గరగా ఉన్నదాన్ని అందరికీ వర్తింపజేయడం: ఇది తులనాత్మక ప్రైవేటు న్యాయ పండితుడు చేసే పనే. అంబేడ్కర్ 1928లో బొంబాయి ప్రభుత్వ న్యాయ కళాశాలలో అధ్యాపకుడు. 1935లో దాని ప్రిన్సిపాల్. రాజ్యాంగ రచయితగా ఆయన విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. 1951లో మంత్రి పదవికి రాజీనామా చేయడానికి ఆయన చెప్పిన ప్రధాన కారణాల్లో ఒకటి వివాహ, వారసత్వ చట్టం అన్నది ఆ విగ్రహాల కింద ఎక్కడా కనిపించదు. 1956 వారసత్వ చట్టం మితాక్షర పుట్టుక హక్కును నిలబెట్టింది. 1985లో మనం కూతురికి పంచింది ఆ రాజీ బేరంలో మిగిలినదాన్నే.

జర్మన్ పండితులు కొన్రాడ్ ట్స్వైగెర్ట్, హైన్ కోట్స్ ఈ శాస్త్రానికి ఒక సూత్రం చెప్పారు: చట్టాల పేర్లను పోల్చవద్దు, అవి తీర్చే అవసరాన్ని పోల్చండి. కొడుకు లేని ఇల్లు అనే అవసరాన్నే తీసుకుందాం. ప్రాచీన ఏథెన్స్‌లో అన్నదమ్ములు లేని కూతురిని దగ్గరి బంధువుకు ఇచ్చి, ఆమె కొడుకును తాత ఆస్తికి వారసుణ్ణి చేసేవారు. జపాన్‌లో అల్లుణ్ణే దత్తత తీసుకుంటారు. రాయలసీమలో రెడ్లు, కాపులు ఇల్లరికపుటల్లుణ్ణి తెచ్చుకుంటారు. ఈ ప్రాంతం 1882 దాకా బళ్లారి జిల్లాలో భాగం. ఆ జిల్లాల కాపుల్లో ఉన్న ఈ ఆచారాన్ని, శాస్త్ర గ్రంథాల్లో లేకున్నా, మద్రాసు హైకోర్టు 1880ల తొలి సంవత్సరాల్లోనే హనుమంతమ్మ – రామిరెడ్డి కేసులో న్యాయంగా గుర్తించింది. ‘ఇల్లటం’ అన్న తెలుగు మాట ఆ విధంగా ఇంగ్లీషు లా రిపోర్టులకెక్కింది.

అదే బళ్లారి, అనంతపురం పల్లెల్లో మాదిగ, బోయ కుటుంబాలు అదే అవసరానికి మరో దారి పట్టాయి. కొడుకు లేని ఇంట్లో కూతురిని బసివిగా విడిచేవారు. ఆమె పుట్టింట్లోనే ఉండి కొడుకులా ఆస్తి, బాధ్యత రెండూ మోసేది. ఆ ఆచారం ఆడపిల్ల శరీరాన్ని ఊరికి అప్పగించిన దుర్మార్గం. దాన్ని నిషేధించడం న్యాయమే. ఇక్కడ గమనించవలసింది వేరు. భూమి ఉన్న కులం ఆచారం సివిల్ కోర్టులో ఆస్తి హక్కుగా స్థిరపడింది. భూమి లేని కులం ఆచారం శిక్షాస్మృతి కిందికి వెళ్లింది. బసివి మోసిన కొడుకు బాధ్యతకు బదులుగా ఆమెకు ఏ వారసత్వ రక్షణ దక్కాలన్నది చట్టసభల్లో పెద్ద ప్రశ్న కాలేదు. ఏ కులం ఆచారం ప్రైవేటు న్యాయమవుతుంది, ఏ కులం ఆచారం నేరమవుతుంది అన్న విషయం మీద ఒక జీవితకాలం పరిశోధన చేయవచ్చు.

మరొక ఖాళీ ఇంకా దగ్గరిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కుల హోదా నిరాకరిస్తోంది. దీనిపై సభలు, కమిషన్లు, వ్యాజ్యాలు దశాబ్దాలుగా నడుస్తున్నాయి. హిందూ వారసత్వ చట్టంలోని 26వ సెక్షన్ గురించి ఎన్ని సభలు జరిగాయి? మతం మారిన హిందువుకు మార్పిడి తరువాత పుట్టిన పిల్లలు, వారసత్వం తెరుచుకునే నాటికి తాము హిందువులు కాకపోతే, హిందూ బంధువుల ఆస్తికి అనర్హులని అది చెబుతుంది. తాత హిందువు. తండ్రి మతం మారి, తాతకంటే ముందే కన్నుమూశాడు. ఆ తరువాత తాత వీలునామా లేకుండా మరణించాడు. చర్చిలో పెరిగిన మనుమలకు తాత సొంత పొలంలో భాగం రాదు. బాబాయికి పూర్తిగా దక్కుతుంది. ఒకే ఇంట్లో సగం మంది గుడికి, సగం మంది చర్చికి వెళ్లే మాల, మాదిగ కుటుంబాలు ఎన్నో ఉన్న జిల్లాల్లో ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే సమస్య కాదు. రిజర్వేషన్ పోతుందన్న భయం కుటుంబాలను కాగితం మీద హిందువులుగా ఉంచుతున్నందున ఈ సెక్షన్ తరచుగా పైకి తేలదు, అంతే. ఉద్యోగం విషయంలో ఏం పోతుందో తెలుసుకున్న విద్యార్థికి పొలం విషయంలో ఏం పోతుందో కూడా తెలియాలి.

మత భేదం వారసత్వానికి అడ్డు అన్న సూత్రం ఇస్లామిక్ ధర్మశాస్త్రంలోనూ ఉంది. ఫ్రెంచి సివిల్ కోడ్‌లో అటువంటి అడ్డు లేదు. ఆ కోడ్ మన తెలుగు నేలకు కొత్తదీ కాదు. యానాంతో సహా ఫ్రెంచి ఇండియా ప్రజలు తమ వ్యక్తిగత చట్టాన్ని వదులుకుని సివిల్ కోడ్ కిందికి రావచ్చునని 1881 సెప్టెంబరు 21 డిక్రీ ప్రకటించింది. అలా వచ్చినవారు ఇంటిపేరు కొత్తగా ఎంచుకోవాలి. వారి వివాహానికి, వారసత్వానికి ఇక కులంతో పనిలేదు. కూతురికీ కొడుక్కీ సమాన భాగం. పుదుచ్చేరిలో ఆ దారి పట్టినవారిలో అణగారిన కులాల వారు, క్రైస్తవులు గణనీయంగా ఉన్నారు. ఈ మార్గాన్ని వలసపాలకుల దయగా చిత్రించనక్కరలేదు. ఓటర్ల జాబితాల రాజకీయం కూడా దాని వెనుక ఉంది. అయినా, ప్రైవేటు న్యాయాన్ని మార్చుకోవడం ద్వారా కులం నుంచి బయటపడాలని ఈ దేశంలో మనుషులు చేసిన ప్రయత్నం అది. మన కుల చరిత్రల్లో దానికి చోటు చాలా తక్కువ.

ఈ వృత్తి సులువైనదని చెప్పడం మోసమవుతుంది. ఫ్రెంచిగానీ జర్మన్‌గానీ నేర్చుకోవాలి. పాత లా రిపోర్టులు, స్మృతి గ్రంథాలు తిరగేయాలి. ఫలితం ఆలస్యంగా వస్తుంది. కుటుంబం మొత్తం ఒక్క ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నప్పుడు, పదేళ్లు చదివి వ్యాసాలు రాస్తానని కొడుకో కూతురో చెప్పడం ఆ ఇంటికి భారమే. అందుకే ఈ రంగం తరతరాలుగా పుస్తకాలున్న ఇళ్ల పిల్లలకు దక్కుతూ వచ్చింది. విదేశీ ఉపకార వేతనాలు ఇస్తున్న ప్రభుత్వాలు ఇంజనీరింగు, మేనేజ్‌మెంటు కోర్సులవైపు చూసే చూపులో కొంతైనా ఇటు మళ్లించవలసిన అవసరం ఉంది. మరొకవైపు, ఈ రంగానికి కావలసిన ఒక విద్య మన పల్లె విద్యార్థి దగ్గర ముందే ఉంటుంది. అడంగల్ చదవడం, ఇల్లటానికీ దత్తతకూ తేడా చెప్పడం, డీకేటీ పట్టాకూ రిజిస్టరు దస్తావేజుకూ ధరలో ఎంత వ్యత్యాసమో చూడగానే గ్రహించడం హాంబర్గ్ గ్రంథాలయంలో దొరకవు.

డీకేటీ పట్టా మాట వచ్చింది గనుక అసలు విషయానికి వస్తాను. పిత్రార్జితం, పుట్టుక హక్కు అన్న చర్చ అంతా తాతలకు భూమి ఉన్నవారిది. దళితుడి చేతికి భూమి వచ్చింది ప్రభుత్వం అసైన్ చేసినందువల్ల. అది వారసులకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. 1977 నాటి 9వ చట్టం ఆ భూముల బదిలీలు చెల్లవని చెప్పి, చేజారినవాటిని తిరిగి ఇప్పించే ఏర్పాటు చేసింది. పేదవాడి భూమిని వడ్డీ వ్యాపారి నుంచి కాపాడే కవచం అది. అదే కవచం రెండో తరగతి యాజమాన్యానికి ముద్ర కూడా. బ్యాంకు అనుమానంగా చూస్తుంది. సేకరణ సమయంలో ప్రభుత్వం ‘మా భూమిని మేమే వెనక్కి తీసుకుంటున్నాం’ అంటుంది. ఈ వాదనను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో మేకల పాండు కేసులో తోసిపుచ్చి, అసైన్డ్ రైతుకూ పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఆ తరువాత కొద్ది ఏళ్లకే లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరిట గోరంట్ల, చిలమత్తూరు మండలాల్లో 8,844 ఎకరాల కేటాయింపు జరిగింది. అందులో అసైన్డ్ భూములూ ఉన్నాయి. హబ్ రాలేదు, భూమి తిరిగి రాలేదు.

ఇప్పుడు పరిస్థితి మళ్లీ మారింది. 2023 సవరణ, అసైన్ చేసి 20 ఏళ్లు నిండిన భూములపై మూల లబ్ధిదారుకు లేదా వారసులకు అమ్ముకునే హక్కు కల్పించింది. బెంగళూరు రహదారి పక్కన, పాలసముద్రంలో కేంద్ర కస్టమ్స్ అకాడమీ 2024 జనవరిలో ప్రారంభమైన మండలంలో, ఆ హక్కుకు అర్థం మిగతాచోట్ల ఉన్నట్టు ఉండదు. సమాన యాజమాన్యం దక్కిందని హర్షించాలా, భూమి జారిపోతుందని భయపడాలా? రెండు వాదనలూ దళిత సంఘాల్లోనే ఉన్నాయి, రెండింటిలోనూ బలం ఉంది.

అమెరికా ఈ ప్రయోగం ముందే చేసింది. 1887 డాస్ చట్టం ఆదివాసుల ఉమ్మడి భూములను వ్యక్తులకు పంచి, 25 ఏళ్లపాటు అమ్మకూడదని షరతు పెట్టింది; గడువు తీరితే పూర్తి హక్కు. 1906లో ఆ గడువును కూడా సడలించారు. 1887లో సుమారు 13.8 కోట్ల ఎకరాలున్న ఆదివాసుల భూమి 1934 నాటికి 4.8 కోట్ల ఎకరాలకు తగ్గింది. పోలికలో జాగ్రత్త అవసరం: ఆ నష్టంలో పెద్ద భాగం ‘మిగులు’ పేరిట ప్రభుత్వమే తీసుకున్నది, అక్కడ ఉమ్మడి భూమిని ముక్కలు చేశారు, ఇక్కడ బంజరును పంచారు. అయినా గడువు ముగిసిన పట్టాలు పన్ను బకాయిలకు, అప్పులకు, చవక బేరాలకు ఎలా కరిగిపోయాయో ఆ చరిత్రలో ప్రతి మెట్టూ నమోదై ఉంది.

పూర్తి నిషేధానికీ పూర్తి స్వేచ్ఛకూ మధ్య దారులు కూడా ఇతర దేశాల న్యాయంలో ఉన్నాయి. ఫ్రాన్సు 1960 నుంచి సాఫెర్ అనే సంస్థలను నడుపుతోంది. వ్యవసాయ భూమి అమ్మకానికి వస్తే ముందుగా కొనే హక్కు వాటికి ఉంటుంది. కొన్నదాన్ని అవి సాగుదార్లకు తిరిగి ఇస్తాయి. ముందుగా కొనే హక్కు మనకూ తెలిసినదే. ముస్లిం న్యాయంలో దాని పేరు షుఫా. గోరంట్లలో ఒక మాదిగ కుటుంబం 20 ఏళ్లు నిండిన రెండెకరాలు అమ్మదలిస్తే, మార్కెట్ ధరకే ముందుగా కొనే హక్కు ఎస్సీ కార్పొరేషన్‌కో, ఊరిలోని భూమిలేని కుటుంబాల సహకార సంఘానికో ఉంచవచ్చునా? ధర ఎవరు నిర్ణయించాలి? ఎన్ని రోజుల్లో కొనకపోతే ఆ హక్కు రద్దు కావాలి? తల్లి సంతకం లేకుండా కొడుకు ఒక్కడే అమ్మితే చెల్లాలా? ఇవి రాజ్యాంగ ప్రశ్నలు కావు, ఉపన్యాసాలతో తేలేవీ కావు. ఒక్కొక్క సెక్షన్ రాయాలి. అవి రాసే గదిలో నేడు రెవెన్యూ అధికారులు, కార్పొరేట్ న్యాయవాదులు ఉన్నారు. ఆ రెండెకరాల ఇంటి నుంచి వచ్చిన న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఇంకా అక్కడ లేదు.